దడి దాటిన చక్కెరకేళి

ఊఁ కొడతానంటేనే చెప్తాను. మధ్యలో నీ ఊఁ ఆగిందంటే నా కథా ఆగిపోతుంది, ముందే చెప్తున్నాను. కాళ్ళు దుప్పట్లో పెట్టుకో. ఆఁ, అలాగ.

అనగనగా గోదారి రెండు పాయల మధ్య ఒక లంక, ఆ లంకలో ఒక ఊరు. ఆ ఊళ్ళో ఇద్దరు అన్నదమ్ములుండేవారు. పెద్దాయన భద్రయ్య, చిన్నాయన వీరన్న. భద్రయ్య పెళ్ళాం పేరు పేరంటాలు, వీరన్న పెళ్ళాం పేరు వజ్రం. ఆడవాళ్ళిద్దరూ తోడికోడళ్ళన్నమాట. మగవాళ్ళకి ఈ కథలో పెద్ద పనేం లేదు. ఇది పేరంటాలు కథ.

పేరంటాలు మంచిదే. పెట్టే చెయ్యి. ఆకలని గుమ్మంలో నిలబడ్డవాళ్ళని ఎప్పుడూ ఉత్తచేతుల్తో పంపలేదు. కానీ ఆవిడకి నోరు కొంచెం ఎక్కువ. మాట ముందు బయటికొచ్చేసేది, ఆలోచన వెనకాల తీరిగ్గా వచ్చేది. నీకూ ఆ జబ్బే ఉంది, నవ్వకు.

వజ్రం కాపరానికొచ్చినప్పుడు దానికి ఏ పనీ చేతకాదు. పొయ్యి ఊదితే బూడిదంతా మొహం మీదికే వచ్చేది. అప్పుడు పేరంటాలే పక్కన కూర్చోబెట్టుకుని అన్నీ నేర్పింది. వజ్రం రోజుకి వందసార్లు పిలిచేది. అక్కా ఉప్పెంత, అక్కా చింతపండెక్కడ, అక్కా జడ వెయ్యవా. "అలా పిలిచి పిలిచి అక్కని అరగదీసేస్తావే" అని పేరంటాలు విసుక్కునేది. విసుక్కుంటూనే జడ వేసేది.

ఆ ఇంటి పెరట్లో ఒక చక్కెరకేళి అరటి ఉండేది. మామగారు నాటింది. మామగారు పోయి ఎన్నో ఏళ్ళయినా చెట్టు మాత్రం ఉంది. అదెలాగంటావా? చెప్తాను విను. అరటిచెట్టు జన్మలో ఒక్కసారే గెల వేస్తుంది. గెల కోశాక దాని పని అయిపోయినట్టే. ఈలోగా దాని మొదట్లో పిలకలు లేస్తాయి. పిలకంటే పిల్లచెట్టు. నాలుగో అయిదో లేస్తాయి. అన్నిటినీ ఉంచేస్తే ఒక్కదానికీ తిండి చాలదు, గెల వేసినా చిటికెనవేలంత కాయలు కాస్తాయి. అందుకని బలమైనదాన్ని ఒక్కదాన్నే ఉంచి, తక్కినవి గునపంతో తవ్వి తీసెయ్యాలి. ఆ ఒక్కటీ తల్లి చోట్లోకి వస్తుంది. అలా తల్లి తర్వాత పిల్ల, పిల్ల తర్వాత దాని పిల్ల, ఆ పెరట్లో మామగారి చెట్టు బతుకుతూనే ఉంది.

ఒక ఏడు పేరంటాలు నోము పట్టింది. నోము చెల్లించుకోవడానికి ఒక గెల కోసి, ఎండాకులు చుట్టి, వంటింటి మూల మగ్గబెట్టుకుంది. రోజూ వెళ్ళి వాసన చూసుకునేది. ఇంకా రెండు రోజులు పట్టేట్టుంది అనుకునేది.

అప్పుడు వజ్రం వాళ్ళ నాన్న వచ్చాడు. సంతకెళ్ళి వస్తూ కూతుర్ని చూసి పోదామని దిగాడు. పేరంటాలు ఇంట్లో లేదు, కాలవ రేవుకి వెళ్ళింది. నాన్న ఉత్తచేతుల్తో వెళ్ళిపోతాడేమోనని వజ్రం ఆ గెలలోంచి మూడు అత్తాలు కోసి సంచిలో పెట్టింది. అత్తమంటే గెలలో ఒక వరస కాయలు, చేతి వేళ్ళలాగ పక్కపక్కనే ఉంటాయి చూడు, అది.

ఆ తర్వాత పేరంటాలు పెరటి దారిన వచ్చి గెల చూసుకుంది. నాన్నకిచ్చానని వజ్రం చెప్పింది. ఇంకేముంది, నోరు ముందు వచ్చేసింది.

"ఇక్కడ పెంచేది మేమూ, మోసుకెళ్ళేది మీ పుట్టింటివాళ్ళూనా?" అంది.

వజ్రం వాళ్ళ నాన్న ఇంకా వీధి అరుగు మీదే ఉన్నాడు. చెప్పులు వేసుకుంటున్నాడు. ఆ మాట విన్నాడు. సంచిలోంచి మూడు అత్తాలూ తీసి అరుగు మీద పెట్టాడు, తలగుడ్డ సర్దుకున్నాడు, వెళ్ళిపోయాడు.

పేరంటాలుకి ఆ క్షణమే తెలిసిపోయింది తను అనకూడని మాట అన్నానని. ఆ పళ్ళు నోముకి వాడబుద్ధి కాలేదు. కానీ తను పెద్దకోడలు. చిన్నదాని దగ్గరికెళ్ళి తప్పయిపోయిందే అని ఎలా అంటుంది? పెద్దరికం ఒకటి ఏడ్చింది కదా. రేపు చెప్దాంలే, ఎల్లుండి చెప్దాంలే అనుకుంది. ఆ ఎల్లుండి రానేలేదు.

వజ్రం మాట్లాడడం మానేసింది. వేరే పొయ్యి పెట్టుకుంది. ఒక పొయ్యి రెండయ్యాక ఒక ఇల్లు రెండు కావడానికి ఎంతసేపు? నెల తిరక్కుండా ఇంటికి అడ్డంగా గోడ లేచింది, పెరటికి అడ్డంగా తాటాకు దడి లేచింది. అన్నదమ్ములిద్దరూ తలలు వంచుకుని వాళ్ళే కట్టారు. పంపకంలో నుయ్యి వజ్రం వైపు పడింది, అరటిచెట్టు పేరంటాలు వైపు పడింది.

ఇంట్లో ఒక్కసారిగా చప్పుడు లేకుండా పోయింది. పేరంటాలు పప్పులో ఉప్పు వేసుకునేటప్పుడు ఎవరూ ఎంత అని అడగలేదు. అప్పుడు ఆవిడకి ఏడుపొచ్చింది. ఆవిడకి నుయ్యి అక్కర్లేదు, చెట్టూ అక్కర్లేదు. వజ్రం తనని మళ్ళీ అక్కా అని పిలిస్తే చాలు. అదొక్కటే కోరిక. అడగడానికి మాత్రం నోరు రాదు. అంత పెద్ద నోరు ఎటు పోయిందో!

ఊఁ అను.

అప్పుడు పెరట్లో అరటికి పిలకలు లేచాయి. రెండు పెరటిగుమ్మం వైపు, ఒకటి అటు పక్కన, ఒకటి దడి వైపు. పేరంటాలు గునపం పట్టుకుని వాటి ముందు నిలబడింది. గుమ్మం వైపువి ఎంత బాగున్నాయో! అంట్లు తోమిన నీళ్ళు అటే పారుతాయి కాబట్టి ఏపుగా లేచాయి. దడి వైపుది చిన్నది, నీళ్ళందక వెలవెలబోతోంది. చిన్నపిల్లాణ్ణడిగినా ఏది ఉంచాలో చెప్తాడు.

పేరంటాలు కాసేపు ఆలోచించింది. దడి వైపు చూసింది. ఆ తర్వాత బాగున్నవన్నీ తవ్వి తీసేసి, ఆ పీలదాన్ని ఉంచింది.

భద్రయ్య వచ్చి చూసి నెత్తి కొట్టుకున్నాడు. మతి పోయిందా అన్నాడు. మా నాన్న ఉంటే నీ చేతికి గునపం ఇచ్చేవాడు కాదన్నాడు. "నాకిదే బాగుందండీ" అంది పేరంటాలు, అంతకంటే చెప్పలేదు.

అరటి నడుస్తుందని తెలుసా నీకు? నవ్వుతావేం, నిజంగానే నడుస్తుంది. మనం ఏ వైపు పిలకని ఉంచితే చెట్టు ఆ వైపుకి ఒక అడుగు వేసినట్టు. అందుకే తెలిసినవాళ్ళు ఒక ఏడు ఇటు పిలక, ఒక ఏడు అటు పిలక ఉంచి చెట్టుని ఉన్నచోటే ఉంచుతారు. పేరంటాలుకి అది తెలుసు. తెలిసే చేసింది. తన కాళ్ళు దడి దాటవు కాబట్టి చెట్టుని పంపిస్తోంది.

ఆ పీల పిలకని బతికించడానికి ఆవిడ పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు. నుయ్యి అటుపోయింది కదా, వీధి చివర పంపు నుంచి బిందెలు మోసింది. బియ్యం కడిగిన నీళ్ళు పోసింది, పొయ్యిలో బూడిద చల్లింది, పేడ తెచ్చి మొదట్లో వేసి మట్టి ఎగదోసింది. ఆకు విప్పినప్పుడల్లా లెక్కపెట్టుకుంది. ఏడాది తిరిగేసరికి అది నిండుగా గెల వేసింది.

ఆ గెల పండాక పేరంటాలు ఒక అత్తం మంచిది ఏరి, ఇత్తడి గిన్నెలో పెట్టి, పాలు పోసే ముసలమ్మ చేత వజ్రం ఇంటికి పంపించింది. సాయంత్రం గిన్నె తిరిగొచ్చింది. ఖాళీగా వచ్చింది.

మన వైపు ఎవరింటి గిన్నయినా ఖాళీగా తిరిగివ్వరమ్మా. ఏమీ లేకపోతే గుప్పెడు పంచదారైనా వేస్తారు, చివరికి రెండు పచ్చిమిరపకాయలైనా వేస్తారు. పేరంటాలు ఆ గిన్నె లోపలికి రెండుసార్లు చూసింది. ఆ తర్వాత తోమి బోర్లించేసింది. ఆ రాత్రి అన్నం తినలేదు.

అయినా ఊరుకుందా? లేదు. రెండో ఏడు మళ్ళీ దడి వైపు పిలకే ఉంచింది. చెట్టు ఇంకో అడుగు వేసింది. ఈసారి దాదాపు దడికి ఆనుకునే లేచింది. దాని ఆకులు దడి మీదుగా వజ్రం పెరట్లోకి వంగాయి. మన పెరట్లోకి వచ్చిన ఆకు మనదే, కోసుకుంటే అడిగేవాళ్ళు ఉండరు. వజ్రం ఇంట్లో సత్యనారాయణ వ్రతం అని పేరంటాలుకి తెలిసింది. ఈ పూటకి ఆకులు కోసుకుంటుందిలే అని పొద్దున్నే చీపురు పట్టుకుని దడి దగ్గరే ఊడ్చిందే ఊడ్చింది. అక్కడ ఊడవడానికేం మిగల్లేదు, ఒక గొయ్యి పడింది.

వజ్రం ఆ ఆకులు ముట్టుకోలేదు. నాలుగిళ్ళ అవతలికెళ్ళి ఎవరినో అడిగి తెచ్చుకుంది. నవనవలాడే ఆకు కళ్ళ ముందు ఊగుతుంటే ఊరి మీద పడి అడుక్కొచ్చింది! పేరంటాలుకి ఖాళీ గిన్నె కంటే అదే ఎక్కువ నొప్పి పుట్టించింది. వంగిన ఆకులు వంగినచోటే ఎండిపోయాయి.

నువ్వైతే ఏం చేసేదానివి? వదిలేసేదానివా? ఆవిడా వదిలేద్దామనే అనుకుంది. ఒక పూటంతా అనుకుంది.

ఆ తర్వాత మూడో ఏడొచ్చింది. మళ్ళీ పిలకలు లేచాయి. పేరంటాలు వైపు మూడు లేచాయి. ఇంకోటి దడి కిందనుంచి వెళ్ళి, అటుపక్క వజ్రం పెరట్లో లేచింది. తాటాకు సందులోంచి పేరంటాలు చూసింది. కత్తిలా నిటారుగా, సన్నటి ఆకుతో, భూమిలోంచి పొడుచుకొస్తోంది. చెట్టు దడి దాటేసింది.

ఇప్పుడేం చెయ్యాలి? జాగ్రత్త గలవాళ్ళైతే తమ వైపు కూడా ఒకటి ఉంచుకుంటారు. అదీ బతుకుతుంది, ఇదీ బతుకుతుంది. కానీ పేరంటాలు అలా చెయ్యలేదు. అటూ ఇటూ రెండుంటే తల్లి తిండి రెండుగా చీలిపోతుంది, అటుపక్కది పీలగా మిగిలిపోతుంది. పంపేది వజ్రానికి. పీలది పంపుతామా? గునపం తీసుకుని తన వైపు మూడు పిలకలూ తవ్వేసింది.

భద్రయ్యకి ఈసారి నిజంగానే కోపమొచ్చింది. "అటువైపు దాన్ని వాళ్ళు పీకేస్తే మా నాన్న చెట్టు వంశమే పోతుంది కదే" అన్నాడు. పేరంటాలుకి అది తెలియక కాదు. తెలిసే చేసింది. పైకి మాత్రం ధీమాగా నిలబడింది. రెండు రోజులు దడి సందులకి కళ్ళప్పగించి కూర్చుంది.

మూడో రోజు పొద్దున్న వజ్రం పెరట్లోకొచ్చింది. చేతిలో గునపం ఉంది.

నిద్రొచ్చిందా? రాలేదుగా. ఇక్కడ నిద్రపోకూడదు.

వజ్రం పిలక దగ్గరికొచ్చింది. దాన్ని చూసింది, దడి వైపు చూసింది, దడి ఇవతల పేరంటాలు ఊపిరి బిగబట్టుకుంది. వజ్రం గునపం ఎత్తింది. పేరంటాలు కళ్ళు మూసుకుంది. దభీమని దిగింది. మళ్ళీ దిగింది. మళ్ళీ దిగింది. ఇక ఉండబట్టలేక పేరంటాలు కళ్ళు తెరిచింది.

పిలక నిక్షేపంలా ఉంది. వజ్రం నూతి చుట్టూ ఉండే గచ్చు పళ్ళెం దగ్గర్నుంచి పిలక దాకా చిన్న బోదె తవ్వుతోంది. స్నానాల నీళ్ళూ బట్టలుతికిన నీళ్ళూ దాని మొదట్లోకే పారేట్టు. తవ్వడం అయ్యాక ఒక చేద నీళ్ళు తోడి బోదెలో పోసింది. నీళ్ళు వంకరటింకరగా పారుకుంటూ వచ్చి పిలకని చుట్టుకున్నాయి. దడి వైపు మళ్ళీ చూడకుండా గునపం తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

పేరంటాలు అక్కడే మట్టిలో కూలబడింది. ఆవిడకి నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి. భద్రయ్య చూసి, ఇవాళ అన్నం పెడతావా లేదా అని అడిగాడు. పాపం, ఆయనకేం తెలుసు.

ఆ తర్వాత నుంచి ఆ ఒక్క చెట్టుకీ ఇద్దరమ్మలయ్యారు. అటునుంచి వజ్రం నీళ్ళు, ఇటునుంచి పేరంటాలు బూడిదా పేడా. తల్లిచెట్టు గెల కోశాక మామూలుగా మొదలంటా నరికేస్తారు. పేరంటాలు మాత్రం నడుమెత్తున మొండెం అలాగే ఉంచేసింది. ఆ మొండెంలో ఉన్న నీరంతా మెల్లిగా పిల్లలోకి దిగుతుంది. తల్లి ఎండేకొద్దీ పిల్ల లావెక్కుతుంది. "తాగవే, అంతా తాగెయ్" అని ఆ మొండాన్ని రోజూ తట్టేది.

మాటలు మాత్రం లేవు. పొద్దున్న ఇద్దరూ ఒకే వేళకి పెరట్లోకి వచ్చేవారు. దడికి అటు గాజుల చప్పుడు, ఇటు చీపురు చప్పుడు. పేరంటాలుకి ఆ గాజుల చప్పుడు వింటే ఆ రోజంతా హాయిగా ఉండేది. అయినా ఎవరు ముందు మాట్లాడాలి? పెద్దరికం ఇంకా చావలేదుగా.

అప్పుడు పేరంటాలు ఒక ఉపాయం కనిపెట్టింది. ఆవిడకో నల్ల కోడిపెట్ట ఉండేది. వజ్రం అటుపక్క ఉన్నప్పుడు కోడిపెట్టకి పాఠాలు చెప్పేది. "చూడవే, ఎండిన ఆకులు మొదలంటా కోసెయ్యాలి. పచ్చాకు మాత్రం ముట్టుకోకూడదు. పచ్చాకు కోసేస్తే గెల సన్నమైపోతుంది" అనేది గట్టిగా. కోడిపెట్టకి ఏమర్థమయిందో గానీ, సాయంత్రానికి అటుపక్క చెట్టుకి ఎండాకు ఒక్కటి ఉండేది కాదు.

ఆ తర్వాత చెట్టు పువ్వు వేసింది. ఎర్రటి పువ్వు, ఒక్కో రేకు విప్పుకుంటూ, ఒక్కో అత్తం చూపిస్తూ కిందికి దిగింది. తొమ్మిది అత్తాలు పడ్డాయి. మళ్ళీ కోడిపెట్టకి పాఠం. ఆఖరి అత్తం పడ్డాక పువ్వు కోసెయ్యాలి, లేకపోతే కాయలకి పోవాల్సిన బలం పువ్వు తినేస్తుంది అని. మర్నాడు వజ్రం పువ్వు కోసింది. కూర ఘుమఘుమలు దడి ఇవతలికి కూడా వచ్చాయి. ఆవపెట్టి వండింది, అచ్చం పేరంటాలు నేర్పినట్టే. పేరంటాలు ఆ వాసనతోనే రెండు ముద్దలు ఎక్కువ తింది.

మూడో పాఠం గెడలది. గెల బరువెక్కాక చెట్టు వంగుతుంది. రెండు వెదురు గెడలు కత్తెర వేసి కట్టి కింద పోటు పెట్టాలి. ఒక్క గెడ చాలదు. వజ్రం దగ్గర ఒక్క గెడే ఉంది. రెండోది పంపకాల్లో పేరంటాలు వైపు వచ్చింది. పేరంటాలు ఆ గెడ తెచ్చి, అటునుంచి చెయ్యి చాపితే అందేట్టు దడికి ఆనించి పెట్టింది. వజ్రం తీసుకోలేదు. ఒక్క గెడతోనే పోటు పెట్టి సరిపెట్టుకుంది. చూశావా, మొండితనంలో పెద్దకోడలికి చిన్నకోడలేం తీసిపోలేదు.

గెల పెరిగింది. కాయల పలకలు పోయి గుండ్రబడ్డాయి. ఇంకో నాలుగైదు రోజుల్లో కోతకొస్తుంది అనుకుంది పేరంటాలు. నోరు తెరిచి అడగడానికి అదైనా ఒక సాకవుతుందేమో, ఆ రోజు ఏదో ఒకటి అనెయ్యాలి అనుకుంది. ఏమనాలో మూడు రకాలుగా అనుకుని చూసుకుంది. మూడూ బాగోలేవు.

అప్పుడొక మధ్యాహ్నం ఉన్నట్టుండి గాలి లేచింది. తాటాకులు టపటపలాడాయి, ఆరేసిన బట్టలు ఎగిరాయి. పేరంటాలు బట్టలు తీద్దామని పెరట్లోకి పరిగెత్తింది. దడి అవతల టప్పుమని చప్పుడు. గెడ జారిపోయింది. చెట్టు నడుం దగ్గర చిటపటలాడుతూ వంగిపోతోంది. వజ్రం కూడా బట్టల కోసమే వచ్చినట్టుంది, బట్టలన్నీ కింద పారేసి గెల కిందికి దూరి భుజం ఆనించింది. తొమ్మిది అత్తాల గెల అంటే మాటలా? మనిషి మోకాళ్ళు వంగిపోతున్నాయి. వదిలితే గెల నేలకి కొట్టుకుని నుజ్జయిపోతుంది. పట్టుకుంటే చెట్టంతా మీద పడుతుంది.

"అక్కా!" అని కేకేసింది వజ్రం. "అక్కా, కత్తి తీసుకురా!"

మూడేళ్ళ తర్వాత విందమ్మా ఆ మాట. పేరంటాలుకి ఒళ్ళంతా ఝల్లుమంది. చూరులో కొడవలి లాక్కుంది. వీధిలోంచి చుట్టూ తిరిగి వెళ్ళే టైము లేదు. దడి కింద కుక్కలు దూరే కంత ఒకటుంది. ఊళ్ళో పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ ముందు పీట వేయించుకునే పెద్దకోడలు, నాలుగు కాళ్ళ మీద ఆ కంతలో దూరింది. సగం దూరాక నడుం ఇరుక్కుంది. మనిషి కాస్త బొద్దుగా ఉంటుందిలే. తాటాకుని కొడవలితో రెండు వేట్లు వేసి, చీర చింపుకుని, జుట్టునిండా చెత్తతో అవతల లేచి నిలబడింది.

వెళ్ళి తనూ గెల కింద భుజం పెట్టింది. ఇద్దరి తలలూ పక్కపక్కనే ఉన్నాయి. ఒక చేత్తో గెలని పొదివి పట్టుకుని, రెండో చేత్తో కొడవలి ఎత్తి కాడ మీద వేసింది. ఒకటి, రెండు, మూడు. మూడో వేటుకి గెల తెగి ఇద్దరి భుజాల మీదా కూర్చుంది. బరువు పోయిన చెట్టు ఒక్క ఊపుతో పైకి లేచి, మళ్ళీ మెల్లిగా పక్కకి ఒరిగిపోయింది. కాడలోంచి జిగురు బొటబొటా కారి ఇద్దరి చీరలూ తడిపేసింది. అరటి జిగురు మరక చాకలి బానలో ఉడకబెట్టినా వదలదు.

ఇద్దరూ వంగి, గెలని అరటాకుల మీద పసిపిల్లని పడుకోబెట్టినట్టు దింపారు. ఒక్క కాయ నలగలేదు. ఆ తర్వాత ఇద్దరూ అక్కడే నేల మీద చతికిలబడి ఆయాసం తీర్చుకున్నారు.

అప్పుడు పేరంటాలు అంది. అనుకున్న మూడు రకాల మాటలూ గుర్తు రాలేదు. నోరు ముందు వచ్చేసింది, ఈసారి మంచికే వచ్చింది.

"ఆ రోజు నేనన్నది తప్పే, వజ్రం. మీ నాన్నకి వినబడేట్టు అన్నాను. అన్న క్షణం నుంచీ నాకు తిన్నది ఒంటపట్టలేదు. రేపు పడవెక్కి నేనే వెళ్ళి ఆయనకి చెప్పుకుంటాను."

వజ్రం చీర చెంగుతో మొహం తుడుచుకుంది, దాంతో జిగురంతా మొహానికి అంటుకుంది.

"మొదటేడు గుమ్మం వైపు పిలకలు తవ్వేసినప్పుడే తెలిసింది నాకు, చెట్టుని ఇటు తోలుతున్నావని" అంది.

"తెలిసీ ఖాళీ గిన్నె పంపావా?"

"తిట్టడానికైనా వస్తావనుకున్నాను. నువ్వు రాలేదుగా. పోనీలే, చెట్టు వచ్చేదాకా చూద్దామనుకున్నాను" అంది వజ్రం.

మూడేళ్ళు, చూడు. ఒకరు రమ్మంటే వెళ్దామని ఒకరు, వస్తే మాట్లాడదామని ఇంకొకరు. మధ్యలో పాపం ఆ చెట్టు నడిచింది.

ఇంతలో వీధి అరుగు మీంచి దగ్గు వినబడింది. పేరంటాలు ఉలిక్కిపడి జుట్టు సర్దుకుంది.

"మరిది ఇంట్లోనే ఉన్నాడా?"

"పొద్దుట్నించీ అరుగు మీదే ఉన్నాడు. తాడు పేనుకుంటున్నాడు."

"ఇంట్లో మగమనిషిని పెట్టుకుని, అంత బరువు నెత్తిన పెట్టుకుని, ఆయన్ని పిలవకుండా నన్ను పిలిచావా? నేను రావడం ఒక్క క్షణం ఆలస్యమైతే ఏమయ్యేదే?" అంది పేరంటాలు, పాత పేరంటాలులాగే గట్టిగా.

వజ్రం కూడా విసురుగానే జవాబిచ్చింది. "నోరు తెరిస్తే అక్కా అనే వచ్చింది. నన్నేం చెయ్యమంటావు?"

పేరంటాలు ఇంక ఆపుకోలేదు. అంత గొంతూ పెట్టి ఏడ్చేసింది. వజ్రమూ ఏడ్చింది. ఆ ఏడుపులు విని అటునుంచి వీరన్న, ఇటునుంచి భద్రయ్య, ఇద్దరూ కంగారుగా పరిగెత్తుకొచ్చారు. చూస్తే ఏముంది, ఒళ్ళంతా జిగురు పూసుకుని, జుట్టునిండా తాటాకు ముక్కలతో, గెలకి చెరో పక్కన కూర్చుని ఇద్దరాడవాళ్ళు ఏడుస్తూ నవ్వుతున్నారు. అన్నదమ్ములకి ఏమీ బోధపడలేదు. సరేలే అనుకుని గెల మోసుకెళ్ళి మగ్గబెట్టారు. ఆ పని మాత్రం బాగానే చేశారు.

పళ్ళు ఎంత తియ్యగా ఉన్నాయంటే... ఊఁ లేదేం? ఓహో, పడుకున్నావా. సరే, మిగిలింది చెవిలో చెప్పేస్తాను.

పిలక నడిచె పక్కింటికి,
పిలుపు నడిచె అక్కింటికి,
కునుకు నడిచె నీ కంటికి,
కథ నడిచె కంచికి, మనమిద్దరం మన ఇంటికి.